ఎండలు ముదిరాక ఆగిపోతున్న పుట్టగొడుగుల సంచులు: శిలీంధ్రాలు ఒత్తిడిని ఎలా తట్టుకుంటాయి?

ఆయిస్టర్_షెడ్ (హసన్‌పర్తి):

సభ్యులందరికీ నమస్కారం. రేకుల షెడ్డు మీద వరిగడ్డి కప్పి, లోపల ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచుతున్నాను. చలికాలమంతా పంట బాగానే వస్తుంది. శివరాత్రి దాటిన తరువాత వేసిన సంచుల్లో మాత్రం స్పాన్ (పుట్టగొడుగుల విత్తనం) నుంచి బయలుదేరిన తెల్లటి జాలం సంచి సగం దాకా పాకి ఆగిపోతున్నది, ఆగిన చోట కొద్ది రోజుల్లోనే ఆకుపచ్చ బూజు కమ్ముకుంటున్నది. గడ్డి నానబెట్టే నీళ్లలో విటమిన్ సి పొడి కలిపితే అది యాంటీఆక్సిడెంట్‌గా పనిచేసి శిలీంధ్రానికి ఎండను తట్టుకునే శక్తి ఇస్తుందని తెలిసినవారొకరు సలహా ఇచ్చారు. పుట్టగొడుగుల్లోనే యాంటీఆక్సిడెంట్లు పుష్కలంగా ఉంటాయని అందరూ చెబుతుంటారు కదా, అలాంటప్పుడు దానికి మనం బయటి నుంచి ఇవ్వవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాలేదు. అసలు శిలీంధ్రం తనను తాను ఎలా కాపాడుకుంటుందో, ఈ సలహా పాటించదగినదో కాదో తెలిసినవారు వివరించగలరు.

విశ్రాంత_అధ్యాపకుడు (హనుమకొండ):

సలహా పాటించవద్దని ముందే చెప్పి, కారణం తరువాత వివరిస్తాను.

ఆక్సిజన్ పీల్చే ప్రతి జీవకణంలోనూ, ముఖ్యంగా మైటోకాండ్రియాలో, కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌ను కణానికి హాని చేసే సూపరాక్సైడ్‌గా మారుస్తాయి. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ దానిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1969లో ఈ ఎంజైమ్ చేసే పనిని బయటపెట్టే వరకు, కణం లోపల ఇలాంటి వ్యవహారం ఒకటి నిత్యం నడుస్తున్నదని ఎవరూ గట్టిగా నమ్మలేదు. ఈస్టు వంటి శిలీంధ్రాలలో ఈ ఎంజైమ్ రెండు రకాలుగా ఉంటుంది. రాగి, జింకు ఉన్నది కణద్రవంలోను, మాంగనీసు ఉన్నది మైటోకాండ్రియాలోను పనిచేస్తాయి. ఆ తరువాత మిగిలిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కాటలేజ్‌లు, పెరాక్సిరెడాక్సిన్‌లు నీరుగా మారుస్తాయి. వీటన్నిటి వెనుక గ్లూటాథయోన్ అనే చిన్న అణువు పెద్ద మొత్తంలో నిలువ ఉంటుంది. దానిని తయారు చేసే మొదటి జన్యువును తీసివేస్తే, బయటి నుంచి గ్లూటాథయోన్ ఇస్తే తప్ప ఈస్టు పెరగనే పెరగదు.

ఈ జాబితాలో విటమిన్ సి లేదని మీరు గమనించే ఉంటారు. మొక్కల్లో దానికి ఉన్న స్థానం శిలీంధ్రాలలో లేదు. ఈస్టులు, మరికొన్ని శిలీంధ్రాలు దానిని పోలిన ఎరిత్రోఆస్కార్బిక్ ఆమ్లాన్ని తయారు చేసుకుంటాయి గానీ, అది కూడా వాటి రక్షణలో ప్రధాన పాత్రధారి కాదు.

అసలు ప్రమాదం ఇనుముతో వస్తుంది. గడ్డిలోను, మన బోరు నీళ్లలోను కొంత ఇనుము ఉంటుంది. ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన చోట హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. 1894లో ఫెంటన్ అనే ఆంగ్ల రసాయనవేత్త వివరంగా ప్రకటించిన ఈ చర్య నుంచి పుట్టే ఆ రాడికల్‌ను ఏ ఎంజైమూ ఆపలేదు, పక్కన ఏది ఉంటే దానిని కాల్చివేస్తుంది. ఒకసారి వాడుకైపోయిన ఇనుమును మళ్లీ చర్యకు సిద్ధం చేసే గుణం విటమిన్ సికి ఉంది. కాబట్టి ఇనుము, పెరాక్సైడ్ రెండూ ఉన్న తడి గడ్డిలో విటమిన్ సి పోయడమంటే, ఆ రాడికల్ పుట్టుకకు ఊతమివ్వడమే కావచ్చు. శిలీంధ్రానికి ఈ ప్రమాదం తెలియనిది కాదు. అది తన లోపలి ఇనుమును ఫెర్రిక్రోసిన్ వంటి అణువులతో గట్టిగా కట్టివేసి ఉంచుకుంటుంది. ఆస్పర్జిల్లస్ నిడులాన్స్ అనే బూజులో ఈ కట్టివేసే అణువు తయారు కాకుండా చేసినప్పుడు, అది ఆక్సీకరణ ఒత్తిడికి, అంటే ఇలాంటి ఆక్సిడెంట్లు మితిమీరినప్పుడు తగిలే దెబ్బకు, సున్నితంగా మారింది.

జీవరసాయన_విద్యార్థిని (కాజీపేట):

సార్ చెప్పినదానికి కొనసాగింపుగా, ఒత్తిడి వచ్చినట్టు కణానికి ఎలా తెలుస్తుందో చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో ఈ విషయమంతటిలో అందమైన భాగం అదే.

ఈస్టులో యాప్1 అనే ప్రోటీన్ ఉంది. రక్షణ జన్యువులను మేల్కొలపడం దాని పని. మామూలు సమయంలో అది కేంద్రకంలోకి వెళ్తుంది గానీ, క్రమ్1 అనే రవాణా ప్రోటీన్ దానిని వెంటనే బయటికి పంపివేస్తుంది కనుక అక్కడ పోగుపడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పెరిగినప్పుడు, ముందుగా ఆర్ప్1 అనే మరో ప్రోటీన్‌లోని ఒక సిస్టీన్ (గంధకం ఉన్న అమైనో ఆమ్లం) ఆక్సీకరణం చెందుతుంది, ఆ మార్పును అది యాప్1కు అందజేస్తుంది. అప్పుడు యాప్1లో దూరదూరంగా ఉన్న 303వ, 598వ సిస్టీన్లు ఒకదానికొకటి గంధకపు బంధంతో ముడిపడి, దాని ఆకారం మారి, బయటికి పంపమని చెప్పే గుర్తు లోపల దాగిపోతుంది. క్రమ్1 దానిని గుర్తుపట్టలేదు, యాప్1 కేంద్రకంలో నిలిచిపోతుంది, థయోరెడాక్సిన్, పెరాక్సిరెడాక్సిన్, గ్లూటాథయోన్ తయారీకి కావలసిన జన్యువులు పనిలోకి వస్తాయి. ఆ పుట్టిన థయోరెడాక్సినే చివరికి యాప్1లోని ముడిని విప్పి మళ్లీ బయటికి పోయేలా చేస్తుంది. ఆర్ప్1ను అంతకుముందు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ కుటుంబానికి చెందిన సామాన్య ఎంజైమ్‌గా లెక్కించేవారు, అది పెరాక్సైడ్‌ను పసిగట్టే పని కూడా చేస్తుందని 2002లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు.

ఇందులోంచి తేలేది ఏమిటంటే, కణంలో పెరాక్సైడ్ పూర్తిగా లేకుండా చేయడం శిలీంధ్రం లక్ష్యం కానే కాదు. కొద్దిగా పెరిగితేనే కదా యాప్1 మేల్కొనేది. తక్కువ మోతాదు పెరాక్సైడ్‌ను ముందుగా చవిచూసిన ఈస్టు, తరువాత వచ్చే ప్రాణాంతకమైన మోతాదును తట్టుకుంటుందని 1990ల నుంచి తెలుసు. కాకతీయుల చెరువుల్లో నీళ్లను తూము ద్వారా అవసరమైనంత వదులుతూ, మించితే మత్తడి మీదుగా పోనిచ్చినట్టు, కణం కూడా పెరాక్సైడ్‌ను ఒక మట్టంలో నిలుపుకుంటుంది. మనం బయటి నుంచి యాంటీఆక్సిడెంట్ పోసి ఆ మట్టాన్ని కిందికి లాగితే, మేల్కొనవలసిన వ్యవస్థ మేల్కొనకపోవచ్చు.

ఆయిస్టర్_షెడ్ (హసన్‌పర్తి):

ఇద్దరికీ ధన్యవాదాలు. విటమిన్ సి ఆలోచన మానుకుంటాను. అయితే మేడమ్, నా సమస్య వేడి కదా, మీరందరూ ఆక్సిజన్ గురించి చెబుతున్నారు. నా సంచుల మీద ఎవరూ పెరాక్సైడ్ పోయలేదు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటి?

జీవరసాయన_విద్యార్థిని (కాజీపేట):

న్యాయమైన ప్రశ్న అడిగారు, అన్న. వేడి పెరిగినప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ప్రోటీన్లు మడత విప్పుకొని ముద్దలు కడతాయి, కణత్వచం పలచబడి కారుతుంది, మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్ల దారి చెదిరి సూపరాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. అంటే వేడి దెబ్బలో కొంత భాగం ఆక్సీకరణ దెబ్బే. మైటోకాండ్రియాలోని డిస్మ్యుటేజ్ లేని ఈస్టు వేడికి కూడా త్వరగా చనిపోవడానికి కారణం ఇదే. ఆయిస్టర్ జాలాన్ని 40 డిగ్రీల దగ్గర ఉంచి చేసిన ప్రయోగాలలో, త్వచంలోని కొవ్వులు ఆక్సీకరణం చెందిన గుర్తులు పెరిగాయి, అలా దెబ్బతిన్న జాలం మీద ట్రైకోడెర్మా అనే బూజు సులభంగా దాడి చేసింది. మీ సంచుల్లో కనిపిస్తున్న ఆకుపచ్చ బూజు చాలావరకు ట్రైకోడెర్మానే అయి ఉంటుంది. అది రోగానికి మూలం కాదు, బలహీనపడిన చోట వచ్చి కూర్చున్నది మాత్రమే.

వేడికి శిలీంధ్రం ఇచ్చే ప్రధానమైన జవాబు ట్రెహలోజ్ అనే చక్కెర. రెండు గ్లూకోజ్ అణువులు కలిసిన ఈ చక్కెరను ఈస్టు ఆకలి సమయంలో తన ఎండు బరువులో పదో వంతు దాటి కూడా నిలువ చేసుకోగలదు. మనం దుకాణంలో కొనే పొడి ఈస్టు ఎండిపోయి కూడా బతికి ఉండడానికి ఇది ఒక ముఖ్యకారణం. ప్రోటీన్లు ముద్దకట్టకుండా ట్రెహలోజ్ అడ్డుకుంటుంది, ముద్దకట్టినవాటిని హెచ్‌ఎస్‌పీ104 అనే వేడి ప్రోటీన్ విడదీస్తుంది. ఎంఎస్‌ఎన్2, ఎంఎస్‌ఎన్4 అనే జంట నియంత్రకాలు వేడి, ఉప్పు, ఆక్సీకరణ, ఆకలి ఏది వచ్చినా ట్రెహలోజ్ తయారీని, కాటలేజ్‌ను ఒకే వరుసలో మేల్కొలుపుతాయి. అందువల్లనే ఒక ఒత్తిడికి కొద్దిగా అలవాటుపడిన శిలీంధ్రం మరో ఒత్తిడిని కూడా కొంత తట్టుకుంటుంది. ట్రెహలోజ్ తయారు కావడానికి సమయం, ఇంధనం రెండూ కావాలి. గడ్డిలోకి ఇంకా సరిగా పాకని లేత జాలానికి ఆ రెండూ తక్కువే.

విశ్రాంత_అధ్యాపకుడు (హనుమకొండ):

ఒక చిన్న చేర్పు. సంచి లోపలి వేడి షెడ్డు వేడి కన్నా మామూలుగా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే గడ్డిని జీర్ణించుకునే జాలం తానే వేడిని పుట్టిస్తుంది. గోడకు వేలాడే థర్మామీటరు 32 చూపిస్తున్నదని సంతోషపడకుండా, సన్నటి థర్మామీటరును సంచి నడిమధ్యలోకి గుచ్చి చూడండి.

జగిత్యాల_వరి (పొలాస దగ్గర):

ఈ చర్చ చదువుతుంటే నాకు వరిలో అగ్గితెగులు గుర్తుకు వచ్చింది. మేము ట్రైసైక్లజోల్ కొడతాం, తెగులు రాకముందు కొడితే ఆగుతుంది, మచ్చలు కనిపించిన తరువాత కొడితే అంతగా పనిచేయదు. మందు శిలీంధ్రాన్ని చంపదని, దాని నల్లరంగును ఆపుతుందని మా వ్యవసాయ విస్తరణ అధికారి ఒకసారి చెప్పారు. ఆ నల్లరంగు కూడా యాంటీఆక్సిడెంటే అని ఎక్కడో చదివాను. అదేనా అసలు కారణం?

విశ్రాంత_అధ్యాపకుడు (హనుమకొండ):

ఆ అధికారి చెప్పింది నిజమే. మీరు చదివినది సగం నిజం. నల్లరంగు మెలనిన్. ట్రైసైక్లజోల్ దాని తయారీలో ట్రైహైడ్రాక్సీనాఫ్తలీన్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. మెలనిన్ రాడికల్స్‌ను పట్టుకోగలదు, అతినీలలోహిత కిరణాలను ఆపగలదు, కనుక అనేక శిలీంధ్రాలకు కవచంగా ఉపయోగపడుతుంది. మనుషుల మెదడుకు సోకే క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ విషయంలో, తెల్లరక్తకణాలు వదిలే ఆక్సిడెంట్ల నుంచి తప్పించుకోవడానికి మెలనిన్ బాగా తోడ్పడుతుంది.

అయితే అగ్గితెగులు శిలీంధ్రం, అంటే మాగ్నపోర్తే ఒరైజే, మెలనిన్‌ను వేరే పనికి వాడుకుంటుంది. ఆకు మీద వాలిన బీజం గుమ్మటం ఆకారంలో ఒక కణాన్ని కడుతుంది. దాని గోడలో మెలనిన్ పొర ఉంటే లోపలి గ్లిసరాల్ బయటికి కారదు, నీరు మాత్రం లోపలికి వస్తుంది, ఒత్తిడి 8 మెగాపాస్కల్స్ దాకా, అంటే సుమారు 80 వాతావరణ పీడనాల దాకా పెరుగుతుంది. ఆ బలంతోనే అది వరి ఆకు పొరను పొడుచుకొని లోపలికి దిగుతుంది. మెలనిన్ లేకపోతే ఒత్తిడి నిలవదు, పొడవలేదు. ఒకసారి లోపలికి దిగిన తరువాత మెలనిన్ ఆపి లాభం తక్కువ కనుక, మందు ముందుజాగ్రత్తకే పనికివస్తుంది. కాబట్టి ఇక్కడ మెలనిన్‌ను యాంటీఆక్సిడెంట్ అని పిలిచి సరిపెట్టుకుంటే అసలు పని మరుగునపడుతుంది.

జీవరసాయన_విద్యార్థిని (కాజీపేట):

సార్ చెప్పిన ఆ గుమ్మటం దగ్గరే ఆక్సిడెంట్లకు ఇంకో పాత్ర కూడా ఉంది. లోపలికి దిగిన తరువాత వరి కణం తన వంతుగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను గుమ్మరిస్తుంది, అది మొక్క వేసే మొదటి దెబ్బ. అగ్గితెగులు శిలీంధ్రంలో యాప్1ను పోలిన మోఏపీ1 అనే నియంత్రకం ఉంది, దానిని తొలగించినప్పుడు తెగులు కలిగించే శక్తి బాగా పడిపోయింది. అంటే మొక్క విసిరే ఆక్సిడెంట్లను తట్టుకోలేని శిలీంధ్రం పంట మీద బతకలేదు. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, ఆ శిలీంధ్రం తానే కావాలని సూపరాక్సైడ్‌ను పుట్టించే నాక్స్1, నాక్స్2 అనే ఎంజైములను పెట్టుకున్నది, వాటిలో ఏది లేకపోయినా గుమ్మటం ఆకును పొడవలేదని 2007లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఒకే జీవి ఒక చేత్తో ఆక్సిడెంట్లను ఆర్పుతూ, ఇంకో చేత్తో వెలిగిస్తున్నదన్నమాట.

జగిత్యాల_వరి (పొలాస దగ్గర):

అర్థమైంది సార్, మేడమ్. సాంబ మసూరి వేసినప్పుడు మందు తప్పేది కాదు, తెలంగాణ సోనా వేసిన మడుల్లో అగ్గితెగులు బెడద తక్కువగానే ఉన్నది. ఇంకో మాట అడుగుతాను. అజాక్సీస్ట్రోబిన్ కూడా కొడుతుంటాం, అది కూడా ఇలాగే రంగును ఆపుతుందా?

జీవరసాయన_విద్యార్థిని (కాజీపేట):

లేదు, అది మైటోకాండ్రియాలో శ్వాసకు ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్ల మూడవ సముదాయం దగ్గర ఆ దారిని మూసివేస్తుంది. శ్వాస ఆగడం ఒక దెబ్బ, ఆగిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ మీదికి కారి సూపరాక్సైడ్ పెరగడం రెండో దెబ్బ. దీనికి అనేక శిలీంధ్రాలు ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ అనే పక్కదారిని తెరుస్తాయి. ఆ దారిలో శక్తి అంతగా రాదు గానీ, ఎలక్ట్రాన్లు పోగుపడకుండా నేరుగా ఆక్సిజన్‌కు చేరి నీరు ఏర్పడుతుంది, సూపరాక్సైడ్ తగ్గుతుంది. మొక్క లోపల మాత్రం ఈ పక్కదారి శిలీంధ్రాన్ని చాలావరకు కాపాడలేకపోతుంది, అందుకే మందు పొలంలో పనిచేస్తుంది.

ఏటూరునాగారం_అడవి:

పుట్టగొడుగుల గురించి మాట్లాడుతూ కట్టె కుళ్లు సంగతి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉన్నది. మా అడవిలో పడిపోయిన మానులను చూస్తే, కొన్ని తెల్లగా పీచుపీచుగా అవుతాయి, కొన్ని ఎర్రగా, ఘనాకారపు ముక్కలుగా పగిలి వేళ్ల మధ్య పొడి అవుతాయి. రెండూ శిలీంధ్రాల పనే అని తెలుసు. ఎర్రకుళ్లు శిలీంధ్రాలు ఫెంటన్ చర్యనే ఆయుధంగా వాడుతాయని విన్నాను. అధ్యాపకులు ప్రమాదమని చెప్పిన దానిని అవి కావాలని పుట్టిస్తే, తామెందుకు కాలిపోవు?

విశ్రాంత_అధ్యాపకుడు (హనుమకొండ):

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది.

తెల్లకుళ్లు శిలీంధ్రాలు, వీటిలో మన ఆయిస్టర్ కూడా ఉంది, కట్టెకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను పెరాక్సిడేజ్ ఎంజైములతో విడగొడతాయి. 1983లో ఫనెరోకీట్ క్రైసోస్పోరియం అనే తెల్లకుళ్లు శిలీంధ్రంలో లిగ్నిన్ పెరాక్సిడేజ్ బయటపడింది. ఆయిస్టర్‌లో ప్రధానంగా పనిచేసేవి మాంగనీస్ పెరాక్సిడేజ్, దాని దగ్గరి చుట్టాలు. ఈ ఎంజైములన్నిటికీ హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి, దానిని కూడా శిలీంధ్రమే కణం బయట ఆక్సిడేజ్‌ల ద్వారా తయారు చేసుకుంటుంది. కాబట్టి హసన్‌పర్తి మిత్రుడు తన సంచుల్లో ఎవరూ పెరాక్సైడ్ పోయలేదని రాశారు గానీ, జాలం పాకుతున్న గడ్డిలో అది నిరంతరం పుడుతూనే ఉంటుంది. ఆ పుట్టుక లేకపోతే గడ్డి అరగదు.

ఎర్రకుళ్లు శిలీంధ్రాలది మరింత తెగువ. ఇవి మొదట ఎంజైములకు బదులు చిన్న చిన్న అణువులను బయటికి వదులుతాయి. గ్లియోఫిల్లం ట్రాబియం అనే ఎర్రకుళ్లు శిలీంధ్రం విషయంలో డైమెథాక్సీహైడ్రోక్వినోన్ అనే అణువు ఇనుమును చర్యకు సిద్ధం చేసి, ఆక్సిజన్ నుంచి పెరాక్సైడ్‌ను కూడా పుట్టించి, కట్టె గోడ లోపలే హైడ్రాక్సిల్ రాడికల్‌ను తయారు చేయిస్తుంది. ఎంజైములు దూరలేని సన్నని సందుల్లోకి ఈ అణువులు దూరగలవు. తాము కాలిపోకుండా ఉండడానికి ఇవి దూరాన్ని, కాలాన్ని రెండింటినీ వాడుకుంటాయి. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం ప్రయాణించలేదు కనుక, అది తంతువుకు దూరంగా పుడితే చాలు. కాలం సంగతి పోస్టియా ప్లాసెంటా అనే మరో ఎర్రకుళ్లు శిలీంధ్రం మీద 2016లో వచ్చిన పరిశోధనలో తేలింది. కట్టెలోకి కొత్తగా చొచ్చుకుపోయే అంచు దగ్గర ఆక్సీకరణకు సంబంధించిన జన్యువులు ముందుగా పనిచేస్తాయి, చక్కెరలను విడగొట్టే ఎంజైములు వాటి వెనుక, కొంత ఆలస్యంగా వస్తాయి. ముందు వెళ్లే రాడికల్స్ వెనుక వచ్చే సున్నితమైన ఎంజైములను నాశనం చేయకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

ఆహార_పరీక్షకుడు (వరంగల్):

పుట్టగొడుగుల పొడిని ‘ఇమ్యూనిటీ’ పేరుతో అమ్మేవాళ్లు ఎక్కువవుతున్నారు కనుక ఒక మాట చెప్పక తప్పదు. డబ్బాల మీద ముద్రించే ‘యాంటీఆక్సిడెంట్ శక్తి’ చాలావరకు డీపీపీహెచ్ అనే పరీక్ష మీద ఆధారపడి ఉంటుంది. ఊదా రంగు రాడికల్ ద్రావణంలో పుట్టగొడుగుల సారాన్ని కలిపి, రంగు ఎంత పసుపుగా మారిందో చూస్తారు. ఆ రాడికల్ ఏ జీవకణంలోనూ ఉండదు. పరీక్షనాళికలో రంగు మారినంత మాత్రాన పుట్టగొడుగు కణంలో గానీ, తిన్న మనిషిలో గానీ అదే పని జరుగుతుందని చెప్పలేం. ఇలాంటిదే ఓరాక్ అనే మరో కొలత. దాని విలువలకు మనిషి ఆరోగ్యంతో సంబంధం నిరూపితం కాలేదని, కంపెనీలు వాటిని ప్రకటనలకు దుర్వినియోగం చేస్తున్నాయని చెప్పి అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఓరాక్ పట్టికను వెబ్‌సైటు నుంచి తీసివేసింది. మన దగ్గర ఇప్పటికీ ఆ అంకెలు డబ్బాల మీద కనిపిస్తుంటాయి.

జీవరసాయన_విద్యార్థిని (కాజీపేట):

పరీక్షల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే పుట్టగొడుగుల్లో నిజంగా ప్రత్యేకమైన అణువు ఒకటి ఉంది, దానిని ఈ ప్రకటనల గొడవలో కొట్టిపారేయకూడదు. 1909లో తాన్రే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, రై గింజలకు పట్టే ఎర్గాట్ శిలీంధ్రంలో కనుగొన్న ఎర్గోథయోనీన్ అది. హిస్టిడిన్‌కు గంధకం చేరగా ఏర్పడిన ఈ అణువును శిలీంధ్రాలు, కొన్ని బ్యాక్టీరియాలు మాత్రమే తయారు చేయగలవు. మొక్కలకు, జంతువులకు ఆ శక్తి లేదు. శిలీంధ్రమే అయినా, మన పిండి పులియబెట్టే ఈస్టు కూడా దీనిని తయారు చేసుకోలేదు. గ్లూటాథయోన్ గాలి తగిలితే తానే సులభంగా ఆక్సీకరణం చెందుతుంది, ఎర్గోథయోనీన్‌లో గంధకం ఉన్న తీరు వేరు కనుక అది చాలా స్థిరంగా నిలుస్తుంది, వంట వేడికి కూడా అంత త్వరగా పాడవదు. ఆయిస్టర్ జాతుల్లో ఎండు బరువులో గ్రాముకు ఒకటి నుంచి రెండున్నర మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, తెల్లటి బటన్ పుట్టగొడుగుల్లో అంతకన్నా చాలా తక్కువ.

శిలీంధ్రానికి దాని ఉపయోగం ఏమిటన్నది న్యూరోస్పోరా క్రాసాలో చూశారు. మక్కలు ఒలిచిన తరువాత తడిసిన బెండ్ల మీద నారింజ రంగు బూజు పుడుతుంది కదా, ఆ బూజు జాతే ఇది. ఎర్గోథయోనీన్ తయారు చేసే మొదటి జన్యువును తీసివేసినప్పుడు ఆ శిలీంధ్రం మామూలుగానే పెరిగింది, కానీ దాని పొడి బీజాల ఆయుష్షు తగ్గింది, కొన్ని రకాల పెరాక్సైడ్‌లకు అవి సున్నితంగా మారాయి. అంటే నిత్యం జరిగే పోరాటంలో కన్నా, ఆహారం లేకుండా ఎండి గాలిలో వేచి ఉండే కాలంలో అది అక్కరకు వస్తుంది. ఎంజైములు పనిచేయాలంటే ఇంధనం కావాలి, నిద్రలో ఉన్న బీజానికి బయటి నుంచి ఇంధనం అందదు కనుక, ఇలాంటి నిలకడైన అణువును ముందే నింపి పెట్టుకోవడం దానికి లాభం అని నేను అనుకుంటాను.

ఆహార_పరీక్షకుడు (వరంగల్):

మనిషి సంగతి?

జీవరసాయన_విద్యార్థిని (కాజీపేట):

మన కణాలలో దానిని ప్రత్యేకంగా లోపలికి తీసుకునే రవాణా ప్రోటీన్ ఉందని 2005లో జర్మనీ పరిశోధకులు కనుగొన్నారు. తయారు చేసుకోలేని అణువు కోసం శరీరం ఒక ద్వారం పెట్టుకోవడం ఆలోచింపజేసే విషయమే. దాని ఆధారంగా అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ 2018లో దానిని దీర్ఘాయువు విటమిన్ల జాబితాలో ప్రతిపాదించారు. అది ప్రతిపాదన మాత్రమే, అధికారికంగా విటమిన్ కాదు. కూరగా వండుకొని తినడానికి కారణం చాలు, డబ్బా కొనడానికి చాలదు.

మిర్చి_యార్డు (ఏనుమాముల):

మా వ్యాపారంలో శిలీంధ్రమంటే భయమే. ఎగుమతి సరుకులో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కోసం పరీక్ష చేస్తారు. ఐరోపావాళ్లు ఎండు మిర్చిలో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు దాటనివ్వరు. వానలు లేక పంట బెట్టకు గురైన సంవత్సరాల్లో విషం ఎక్కువ అంటారు. దీనికీ మీరు చెబుతున్న ఆక్సీకరణకూ సంబంధం ఉన్నదా?

విశ్రాంత_అధ్యాపకుడు (హనుమకొండ):

ఉంది, బాగా దగ్గరి సంబంధమే ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వేరుశనగ పిండి తిని చనిపోయినప్పుడు ఈ విషం బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాలలో బూజుపట్టిన మక్కలు తిని వందమందికి పైగా కాలేయ వ్యాధితో మరణించారు, ఆ సంఘటనను పరిశీలించినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. ఆ విషాన్ని చేసే ఆస్పర్జిల్లస్ జాతులలో, కణం లోపల ఆక్సీకరణ ఒత్తిడి పెరిగినప్పుడు అఫ్లాటాక్సిన్ తయారీ కూడా పెరుగుతుంది. ఆస్పర్జిల్లస్ పారాసిటికస్‌లో యాప్1ను పోలిన జన్యువును తొలగించినప్పుడు, అంటే రక్షణను బలహీనపరచినప్పుడు, విషం ఇంకా ఎక్కువ వచ్చింది. బెట్టకు గురైన మొక్క కణాలలోనే ఆక్సిడెంట్లు ఎక్కువగా ఉంటాయి, అక్కడ పెరిగే శిలీంధ్రం కూడా అదే ఒత్తిడిని చవిచూస్తుంది. మీ అనుభవానికి ఇది ఒక కారణం కావచ్చు. బెట్టలో గింజ పగలడం, వేడి పెరగడం వంటి కారణాలు కూడా తోడవుతాయి.

దీనిని తిప్పి చూపిన ఉదాహరణ అక్రోటు. దాని గింజ పైపొరలోని టానిన్ల నుంచి విడుదలయ్యే, యాంటీఆక్సిడెంట్ గుణమున్న గాలిక్ ఆమ్లం అఫ్లాటాక్సిన్ తయారీని అణచివేస్తుందని అమెరికా పరిశోధకులు గుర్తించారు. అలాగని మిర్చి మీద ఏదో ఆమ్లం చల్లుదామని ఎవరూ బయలుదేరవద్దు. నేల మీద కాకుండా టార్పాలిన్ మీద ఆరబోసి, తేమను పది శాతం దగ్గరికి దించి, రాత్రి మంచు పడకుండా కప్పితే శిలీంధ్రం పెరగనే పెరగదు. పెరగని శిలీంధ్రానికి ఒత్తిడి ప్రశ్నే రాదు.

ఏటూరునాగారం_అడవి:

అంటే ఆక్సిడెంట్లు శిలీంధ్రానికి మిత్రులా, శత్రువులా? చర్చ మొదట్లో కాల్చివేసేవి అన్నారు, తరువాత ఆయుధం అన్నారు, ఇప్పుడు విషం తయారు చేయమని చెప్పే సంకేతం అంటున్నారు.

జీవరసాయన_విద్యార్థిని (కాజీపేట):

మోతాదును బట్టి, చోటును బట్టి ఆ మూడూ నిజమే. మెక్సికోకు చెందిన హాన్స్‌బర్గ్, అగిర్రే 1990లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. సూక్ష్మజీవి పెరుగుదల దశ నుంచి బీజాల దశకో, ఫలనాంగ (పుట్టగొడుగు వంటి, బీజాలను మోసే భాగం) దశకో మారే ప్రతిసారీ, అది తట్టుకోగల మట్టాన్ని ఆక్సిడెంట్లు కొంతసేపు దాటుతాయని, ఆ దాటడమే మార్పును ప్రేరేపిస్తుందని వారు అన్నారు. 2003లో అగిర్రే బృందమే ఆస్పర్జిల్లస్ నిడులాన్స్‌లో నాక్స్ఏ అనే ఎంజైమును తొలగించి చూస్తే, శిలీంధ్రం మామూలుగా పెరిగింది గానీ దాని లైంగిక ఫలనాంగాలు పూర్తిగా ఏర్పడలేదు. ఆ తరువాత గనోడెర్మా లూసిడం అనే ఔషధ పుట్టగొడుగులో నాక్స్ జన్యువులను అణచివేసినప్పుడు కూడా ఫలనాంగాల ఎదుగుదల దెబ్బతిన్నది. కాబట్టి హసన్‌పర్తి అన్నకు ఇది కూడా వర్తించవచ్చు. సంచుల్లో మొగ్గలు కట్టే దశలో శిలీంధ్రానికి కొంత ఆక్సిడెంట్ సంకేతం అవసరమైతే, యాంటీఆక్సిడెంట్ కలిపిన గడ్డిలో తెల్లటి జాలం పరుచుకున్నా మొగ్గలు ఆలస్యం కావచ్చు. ఆయిస్టర్ మీద నేను ఆ ప్రయోగం చేయలేదు కనుక ఇది నా ఊహగానే తీసుకోండి.

ఆయిస్టర్_షెడ్ (హసన్‌పర్తి):

అందరికీ కృతజ్ఞతలు. థర్మామీటరు సంచిలో గుచ్చి చూశాను, అధ్యాపకులు చెప్పినట్టే గోడ మీద కన్నా లోపల వేడి స్పష్టంగా ఎక్కువగా ఉన్నది. సంచులను దగ్గరదగ్గరగా పేర్చడం మానేసి, మధ్యలో గాలి ఆడేలా వేలాడదీస్తున్నాను, చిన్న సంచులు వాడుతున్నాను. ఎండాకాలానికి ఆయిస్టర్ ఆపి, పాల పుట్టగొడుగులు గానీ వరిగడ్డి పుట్టగొడుగులు గానీ వేద్దామని ఆలోచిస్తున్నాను. ఆ రెండింటి స్పాన్ ముందే తెచ్చి, ఆయిస్టర్ స్పాన్ లాగా ఫ్రిజ్‌లో దాచుకోవచ్చా?

విశ్రాంత_అధ్యాపకుడు (హనుమకొండ):

పాల పుట్టగొడుగు, అంటే కెలోసైబ్ ఇండికా, మన దేశపు జాతే. 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి దీనిని వర్ణించారు. 30 నుంచి 35 డిగ్రీల వేడి దానికి హాయిగా ఉంటుంది కనుక ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు చల్లి తేమ నిలపగలిగితే మన ప్రాంతానికి బాగా సరిపోతుంది. వరిగడ్డి పుట్టగొడుగు కూడా అంతే వేడిని కోరుతుంది, అయితే కోసిన తరువాత ఒక్క రోజుకే మెత్తబడుతుంది కనుక, హనుమకొండలో అదే రోజు అమ్ముకునే ఏర్పాటు ఉంటేనే వేయండి.

ఫ్రిజ్ విషయంలో మాత్రం జాగ్రత్త. వేడిని తట్టుకునే జాతి చలిని తట్టుకోవాలని లేదు. వరిగడ్డి పుట్టగొడుగు జాలం 4 డిగ్రీల దగ్గర తన ఎంజైములతో తానే కరిగిపోయి చనిపోతుంది. పాల పుట్టగొడుగు స్పాన్‌కు కూడా ఆ చలి మంచిది కాదు. రెండింటినీ నీడలో, గది వేడిలోనే ఉంచి, తెచ్చిన వారం లోపలే గడ్డిలో కలపండి. ఫ్రిజ్‌లో ఆయిస్టర్ స్పాన్ మాత్రమే పెట్టండి, దానిని కూడా నెలల తరబడి ఉంచవద్దు.